జర్మనీ సారు ఇంటిపేరు

మా అనంతపురం జిల్లాలో కొత్త మనిషి కనిపిస్తే ముందు ఊరు అడుగుతారు, ఆ వెంటనే ఇంటిపేరు అడుగుతారు. ఆ రెండూ తేలితే గాని ఆ మనిషిని అన్నా అనాలో, బావా అనాలో, మామా అనాలో తెలియదు. ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు దీన్ని చాదస్తం అనుకుంటారు. గాలిమరల కంపెనీలో ఉన్నన్నాళ్ళూ నేను ఈ చాదస్తం మీదే జీతం తీసుకున్నాను. సిగ్గుపడాల్సిన పని ఏమీ కనబడలేదు.

గాలిమర నిలబడాలంటే భూమి కావాలి. దాని రెక్కలు మోసుకొచ్చే బండ్లకు దారి కావాలి. ఆ భూముల రైతుల దగ్గర కూర్చుని, వాళ్ళు పెట్టింది తిని, వాళ్ళు తిట్టింది విని, ఒప్పించి రావడం నా పని. కార్డు మీద పెద్ద ఇంగ్లీషు హోదా ఉండేది కాని, సైటులో అందరూ నన్ను ‘మాటల సారు’ అనేవాళ్ళు. గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోకండి, నిజంగానే గొప్ప చెప్పుకుంటున్నాను. ఆ జిల్లాలో నేను మాట్లాడాక అడ్డం తిరిగిన రైతు లేడు. ఒక్కసారి మాత్రం నా మాటే నాకు అడ్డం తిరిగింది. ఆ రోజు సంగతే చెప్పబోతున్నాను.

అప్పుడు మా సైటు రాయదుర్గం దాటినాక వచ్చే గుట్టల మీద. కొత్త రకం మర కాబట్టి, దాన్ని నిలబెట్టే పద్ధతి చూపించడానికి జర్మనీ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. పొడుగాటి మనిషి, తల నెరిసింది, మోకాళ్ళ దాకా బూట్లు. మొదటి రోజు రాగిసంగటి ముద్దను ఫోర్కుతో పొడవబోయి ఓడిపోయాడు. రెండో రోజు చేత్తో తిన్నాడు. మూడో రోజు నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి అడిగి వేయించుకున్నాడు. ఆ తర్వాత మావాళ్ళకు ఆయన మీద అనుమానాలు పోయాయి. ఒకనాడు టీ తాగుతుండగా మా ఫిట్టరు, కళ్యాణదుర్గం వైపు కుర్రవాడు, నన్ను మోచేత్తో పొడిచాడు.

“అన్నా, ఇన్ని దినాలాయ, ఆయప్ప ఇంటిపేరేందో ఎవరమూ అడగల్యా. అడుగన్నా.”

అడిగాను. అంతవరకు నట్లు, బోల్టులు, టన్నులు తప్ప మాట్లాడని మనిషి గ్లాసు కింద పెట్టి, ముందుకు జరిగి కూర్చున్నాడు. తీరిక దొరికితే తన ఇంటిపేరు పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కోవడమే ఆయన సరదా అట. చర్చీల్లో పాత పుస్తకాలు తిరగేశాడట. చూడని శ్మశానం లేదట.

ఆయన చెప్పింది ఇదీ. ఆయన పుట్టిన వైపు పల్లెల్లో వెనకటి రోజుల్లో పేరు మనుషులకు ఉండేది కాదు, చేనుకు ఉండేది. చేనూ అందులో ఇల్లూ కలిపి ఒకే పేరు. ఎవరు ఆ చేను చేసుకుంటే వాళ్ళకు ఆ పేరు వస్తుంది. మగబిడ్డలు లేని ఇంట్లో కూతురికి చేను వస్తే, ఆమెను చేసుకుని వచ్చిన అల్లుడు తన ఇంటిపేరు గడప బయట వదిలి, చేను పేరు తగిలించుకునేవాడు. ఈయన ముత్తాతకు ముత్తాత అలా వచ్చినవాడే. వడ్రంగి. వచ్చేటప్పుడు ఒక పేరు, వచ్చాక ఇంకో పేరు. చర్చి పుస్తకంలో రెండు పేర్లూ పక్కపక్కనే రాసి ఉన్నాయట. అప్పటి నుంచీ వాళ్ళది ఆ చేను పేరే. తెలుగులో చెప్పాలంటే ‘వాగు పక్క చేను’ అని అర్థం.

ఒకే చేను నుంచి పుట్టిన పేరు కాబట్టి ఆ పేరు గలవాళ్ళు బహు తక్కువ. దేశమంతా వెతికినా ఒక పెండ్లి బంతికి సరిపోరట. అందరూ ఏదో ఒక వరసకు ఆయనకు చుట్టాలే. అందుకే ఆ పేరు నేనిక్కడ రాయడం లేదు. రాస్తే ఆయన ఇంటి తలుపు నంబరు రాసినట్టే.

నేను తెలుగులోకి తిప్పి చెప్పగానే ఫిట్టరు నవ్వాడు. “వాగు ఉండే ఊరిడ్సిపెట్టి, నీళ్ళ చుక్క లేని ఈడికొచ్చినాడే పాపం. మాకెవరన్నా వాగిస్తే చెప్పమనన్నా, రేపే పేరు మార్చుకుంటాం.”

నాకు మాత్రం ఆ కథ వింటుంటే మా ఇల్లటం గుర్తొచ్చింది. తెలియని పిల్లలకు చెప్తున్నాను. మా సీమలో కొడుకులు లేని రైతు, కూతురికి పెండ్లి చేసి పంపకుండా అల్లుడినే ఇంటికి తెచ్చుకుంటాడు. కొడుకు మాదిరి చేను చేయాలి, కొడుకు మాదిరి చూసుకోవాలి, కొడుకు మాదిరే ఆస్తి. అతన్ని ఇల్లటం అల్లుడు అంటారు. తేడా ఒక్కటే. మా ఇల్లటం అల్లుడు ఇంటిపేరు మార్చుకోడు. ఎన్నేళ్ళు ఆ ఇంట్లో ఉన్నా పుట్టినింటి పేరే. అతన్ని చేసుకున్నందుకు ఆ ఇంటి కూతురికి కూడా అతని పేరే వస్తుంది. ఈ కథ ఎప్పటికైనా పనికొస్తుందని అనుకుని దాచిపెట్టుకున్నాను. అంత తొందరగా పనిపడుతుందని అనుకోలేదు.

ఇంకో ఆచారం కూడా చెప్పాలి. ఏ చేనులోకైనా మా క్రేను దిగే ముందు ఆ చేను రైతు గెనిమ మీద, అంటే చేను గట్టు మీద, టెంకాయ కొట్టేవాడు. కంపెనీ పెట్టిన నియమం కాదు, ఊళ్ళే మాకు నేర్పిన నియమం. ఒప్పందాల మీద ఎన్ని సంతకాలున్నా, నలుగురి ముందూ ఆ మొదటి టెంకాయ ఎవరు కొడితే చేను వాళ్ళదని ఊరు లెక్క. నేను ఉన్న చోట ఆ టెంకాయ తప్పు చేతిలోకి పోయేది కాదు. ఆ రోజు నేను లేను. రెక్కల బండికి రోడ్డు పర్మిషన్ కోసం అనంతపురం వెళ్ళాను.

మా సైటు మేనేజరు కృష్ణా వైపు మనిషి. మంచివాడు, చురుకైనవాడు, తొందర ఒకటే ఎక్కువ. ఆయన తొందరకు కారణం లేకపోలేదు. గాలి కోసం కట్టే యంత్రాన్ని గాలి లేనప్పుడే కట్టుకోవాలి. గాలి కొంచెం గట్టిగా వీచినా రెక్క పైకి ఎత్తకూడదు, ఊగిందంటే మనుషులు పోతారు. ఆషాఢం గాలి మొదలైతే మా గుట్టల మీద మనిషే నిలబడలేడు. అప్పటికి వైశాఖం అయిపోవస్తోంది. ఇంకా ఒక మర మిగిలింది. అది ఎత్తాలంటే క్రేను ఒక చేను మధ్యగా పోవాలి.

మేనేజరు ఊళ్ళోకి పోయి, “ఈ చేను ఎవరిదండీ?” అని అడిగాడు. ఊరివాళ్ళు అలవాటు ప్రకారం తాతల నాటి ఇంటిపేరు చెప్పి, వాళ్ళ చేను అన్నారు. చేను పేరు అదే మరి, అబద్ధం కాదు. ఆయన ఆ ఇంటిపేరు గలవాళ్ళలో పెద్దవాడెవరని వాకబు చేసి, ఆ పెద్దాయన్ని తెచ్చి, పసుపు రాసిన టెంకాయ పళ్ళెంలో పెట్టి చేతికిచ్చాడు. పెద్దాయన వద్దనలేదు. వద్దనడానికి ఆయనేమన్నా పిచ్చివాడా?

ఆ చేను రైతు చనిపోయి రెండేళ్ళు. కొడుకులు లేరు, కూతురు ఒక్కతే. ఇరవై ఏళ్ళుగా దాన్ని చేస్తున్నది ఇల్లటం అల్లుడు. పెద్దాయన చనిపోయిన రైతుకు అన్న కొడుకు. రైతు పోయినప్పటి నుంచి, ఆ ఇంటి పేరు గలవాళ్ళు ఆ ఇంట్లో ఇంకెవరూ లేరు కాబట్టి చేను మాకు రావాలని రచ్చకట్ట మీద అంటూనే ఉన్నాడు. కోర్టుకు పోతే నిలవదని ఆయనకూ తెలుసు. ఊరి నోట్లో పడితే చాలుననుకున్నాడు. మా మేనేజరు పుణ్యమా అని అది పళ్ళెంలో పెట్టి మరీ దొరికింది.

నేను జీపు దిగేసరికి ఎండ నెత్తి మీదికి వచ్చింది. క్రేను చేను అంచున ఆగి ఉంది. దాని ముందర ఇల్లటం అల్లుడు కాళ్ళు చాపుకుని నేల మీద కూర్చున్నాడు. నడివయసు మనిషి, మాట తక్కువ. ఎదురుగా పెద్దాయన పళ్ళెం పట్టుకుని నిలబడ్డాడు. వెనక సగం ఊరు. మేనేజరు ఫోను చెవిలో పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. జర్మన్ ఇంజినీరు ఆకాశం వైపు చూస్తున్నాడు, గాలి లేస్తుందేమోనని.

నేను అల్లుడి పక్కన కూర్చున్నాను. “ఏమప్పా, ఎంతసేపు ఇట్ల?”

“ఆ టెంకాయ ఆయప్ప కొడ్తే నేను లేచేది ల్యా సార్. ఈ పొద్దు టెంకాయ కొడ్తాడు. మృగశిరలో వాన పడ్తానే ఆయప్ప ఎద్దులూ గుంటకా నా చేన్లో దిగుతాయి. అడిగితే, ఆపొద్దు ఊరంతా చూసింది గదా అంటాడు. అప్పుడు మీరుంటారా? మీ క్రేనుంటాదా?”

తప్పేమీ మాట్లాడలేదు. పెద్దాయన దగ్గరికి పోయాను.

“నేను మా బావను కాదనలా సార్,” అన్నాడాయన, ఎంతో మర్యాదగా. చిన్నాన్న కూతురి మొగుడు కాబట్టి ఈయనకు బావ వరస. “మంచోడే. కష్టజీవే. అయితే ఇది మా ఇంటిపేరు చేను. వాని ఇంటిపేరు వేరే. వాణ్ణి చేసుకున్నాక మా చెల్లెలిదీ వేరే అయిపాయ. ఇంగ మా పేరుండేది ఎవరికి? మాకే గదా.”

వెనక ఉన్నవాళ్ళు తలలూపారు. నాకు వెంటనే జర్మన్ ఇంజినీరు కథ గుర్తొచ్చింది. చేను చేసేవాడిదే పేరు, పేరును బట్టి చేను కాదు, జర్మనీ అంత పెద్ద దేశంలో ఇదే న్యాయం అని చెప్తే ఊరు కూడా ఒప్పుకుంటుందని అనుకున్నాను. ఆయన్ని పిలిచి నిలబెట్టాను. మీ ఇంటిపేరు సంగతి వీళ్ళకు చెప్పండి అన్నాను. ఆయన సంతోషంగా మొదలుపెట్టాడు. నేను ఒక్కో ముక్కా తెలుగు చేశాను. అంత బాగా నేనెన్నడూ తిప్పి చెప్పలేదు. వాగు, చేను, వడ్రంగి అల్లుడు, రెండు పేర్లు, అన్నీ అయ్యాయి. ఊరంతా నోరు తెరుచుకుని విన్నది. నాలో నేను మీసం దువ్వుకున్నాను.

పెద్దాయన గట్టిగా నవ్వాడు.

“విన్నారాప్పా అందరూ? జర్మనీ సారే చెప్పినాడు. ఆ దేశంలో ఇల్లటం వచ్చినోడు ఇంటిపేరు మార్చుకుంటాడంట. మా బావను మార్చుకోమను. మా ఇంటిపేరు పెట్టుకున్నానని ఈ గెనిమ మీద చెప్పమను. ఇదో, టెంకాయ నేనే తెచ్చి చేతికిస్తా.”

జనం గొల్లున నవ్వారు. తీసిన కత్తి ఎదుటివాడి చేతికి అందించడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. అల్లుడు మొదటిసారి లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రగా అయిపోయింది.

“నా నాయన పేరు ఇడ్సిపెట్టేదానికి రాలేదు నేను ఈడికి. సేద్యం చేసేదానికి వచ్చినా. ఈ చేన్లో రాళ్ళేరింది నేను. నా చేతులు చూడు, పేరు చూసేది కాదు.”

“చేతులు కూలోనికీ ఉంటాయి బావా,” అన్నాడు పెద్దాయన.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఇరవై ఏళ్ళ కష్టాన్ని కూలి కింద కట్టేశాడు. అల్లుడి కండ్లలో నీళ్ళు తిరగడం నేను చూశాను. నాకు నా మీదే కోపం వచ్చింది. ఏం జరుగుతోందని జర్మన్ ఇంజినీరు అడిగాడు. చెప్పాను. ఆయన ముఖం వాడిపోయింది. పేరు వదిలినందుకు ఆ వడ్రంగిని పుట్టినింటివాళ్ళు చనిపోయేదాకా పలకరించలేదు, అది కూడా చెప్పు అన్నాడు. అదీ చెప్పాను. “అయితే మార్చుకోవద్దులే, ఊరికే పక్కకు జరగమను,” అన్నాడు పెద్దాయన. ఇంతలో సన్నగా దుమ్ము లేచింది. క్రేను ఆపరేటరు పైనుంచి గాలి పెరుగుతోందని చేతులూపాడు.

ఆ చేను కూతురు అక్కడే ఉంది. పొద్దున్నుంచీ ఉన్నది. మొగుడికి సద్ది తెచ్చి, ఏరిపోసిన పలుగురాళ్ళ కుప్ప పక్కన కొంగు నెత్తిన వేసుకుని కూర్చున్నది. నేనే కాదు, ఎవరమూ ఆమెను చూడలేదు. ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది.

“సార్, ఆ జర్మనీ సారును ఒగ మాట అడుగు. ఆ చేను ఆయమ్మది గదా, ఆ వడ్రంగాయప్పను చేసుకున్న ఆయమ్మది. ఆ ఆడమనిషి పేరేంది?”

అడిగాను. ఆయన టోపీ తీశాడు. వడ్రంగి పాత పేరు తెలుసు, కొత్త పేరు తెలుసు, ఏ ఊరి నుంచి వచ్చాడో తెలుసు. ఆమె పేరు తెలియదు. పుస్తకంలో ఉండే ఉంటుంది, నేనెప్పుడూ చూడలేదు అన్నాడు. ఆ మాట చాలా చిన్నగా అన్నాడు.

“తెల్దంటమ్మా,” అన్నాను.

“తెల్దంట,” అన్నది ఆమె, ఊరి వైపు తిరిగి. “పేరు యాడ పుట్టిందో తెలుసు. ఆ పేరుండేవాళ్ళు యాడాడ ఉండారో తెలుసు. చేనుగల్ల మనిషి పేరు మాత్రం తెల్దు. ఈడా అంతే గదా. పొద్దన్నుంచి ఈయప్ప ఇంటిపేరా, ఆయప్ప ఇంటిపేరా అని కొట్లాడుతాండారు. చేను మా నాయన నాకిచ్చి పోయినాడు. నన్ను ఒగరన్నా అడిగినారా?”

మొగుడు తల దించుకున్నాడు. ఆమె పెద్దాయన ముందుకు పోయింది.

“అన్నా, ఇల్లటం మాట్లాడేదానికి మా నాయనతో కూడా వీళ్ళూరికి పోయినోడివి నువ్వే. మాకు మగపిల్లోడు ల్యాడు, మీవాణ్ణి ఇయ్యండి, మా కొడుకని చూసుకుంటామని చెప్పినోడివి నువ్వే. ఆపొద్దు ఈయప్ప ఇంటిపేరు నీకు తెలీదా?”

పెద్దాయన ఏదో అనబోయాడు. ఆయన వెనక నిలబడ్డ ముసలివాళ్ళలో ఒకాయన, “అవునప్పా, పోయింటివి గదా, నేనూ కూడా వస్తిని,” అన్నాడు. ఆ తర్వాత అక్కడ నవ్వు లేదు. ఆమె చెయ్యి చాచింది. లాక్కోలేదు, చాచి నిలబడింది. ఆయనే పళ్ళెం ముందుకు జరిపాడు.

టెంకాయ తీసుకుని గెనిమ రాయి మీద కొట్టింది. ఒక్క దెబ్బకు పగిలింది, నీళ్ళు క్రేను చక్రం మీద పడ్డాయి. ఒక చిప్ప మొగుడి చేతిలో పెట్టింది. రెండోది అన్న ముందు పట్టుకుంది.

“ఇంటి ఆడబిడ్డ ఇస్తే కాదనకూడదు,” అని ఆయన తనలో తాను అనుకున్నట్టు అంటూ, చిప్ప తీసుకుని కండ్లకద్దుకున్నాడు. వెళ్ళేటప్పుడు బావ భుజం మీద చెయ్యి వేసి పోయాడు. క్షమాపణ అడగలేదు. మా సీమలో అంతకంటే ఎక్కువ అడగరు.

ఆ సాయంత్రం గాలి తగ్గింది. మూడు రెక్కలూ ఆషాఢానికి ముందే పైకెక్కాయి. మేనేజరు పైవాళ్ళకు పంపిన మెయిల్లో, స్థానిక సమస్య నా చొరవతో పరిష్కారమైందని రాశాడు. నేను దిద్దమని చెప్పాను, ఆయన దిద్దలేదు. ఉద్యోగాల్లో మన తప్పులు వేరేవాళ్ళ మీదికి, వేరేవాళ్ళ గెలుపులు మన మీదికి ఇలాగే వచ్చి పడుతుంటాయి పిల్లలూ. కొత్తలో ఉబ్బిపోకండి. అయితే నేను ఓడిపోయానని కూడా అనుకోలేదు. మంచి ప్రశ్న ఒకటి తెలుగులోంచి ఇంగ్లీషులోకి తప్పు లేకుండా తిప్పాను. నా ఉద్యోగంలో అంతకు మించిన పని చేసిన గుర్తు లేదు.

జర్మన్ ఇంజినీరు ఆ తర్వాత టీ దగ్గర ఇంటిపేరు ఊసెత్తలేదు. ఫిట్టరు కదిలిస్తే నవ్వి ఊరుకునేవాడు. పని ముగిసి వెళ్ళిపోయాడు. నేనూ రిటైరయ్యాను. కొన్నాళ్ళకు ఆయన నుంచి వాట్సాప్‌లో ఒక మాట వచ్చింది. చర్చికి మళ్ళీ పోయాడట. ఆ పుస్తకం మళ్ళీ తీయించాడట. వడ్రంగి రెండు పేర్ల కింద, చిన్న అక్షరాల్లో ఆమె పేరు ఉందట. ఇన్నేళ్ళూ ఆ పేజీ మీద వేలు పెట్టి చదివిన మనిషినే, కింది వరుస దాకా పోలేదు, ఆమెకు చెప్పు అని రాశాడు.

ఫోనులో చెప్పే సంగతి కాదనిపించి బస్సెక్కి పోయాను. ఆమె శెనక్కాయలు ఒలుస్తూ ఉంది. మొగుడు మంచం వేశాడు. ఈ కథంతా రాస్తానమ్మా అంటే, రాసుకో సార్, నా పేరు వద్దులే, ఊర్లో అందరికీ తెలుసు ఇప్పుడు అన్నది. అప్పుడు చెప్పాను, జర్మనీ సారు ఆ ఆడమనిషి పేరు కనుక్కున్నాడని. ఒలిచే చెయ్యి ఆగింది.

“ఏందంట?”

“కతరీనా.”

“కతరీనమ్మ,” అన్నది ఆమె, నోట్లో ఒకసారి తిప్పుకుని. మళ్ళీ ఒకసారి అన్నది. ఆ తర్వాత చేటలోకి చూస్తూ, “ఇంత చిన్న పేరు, గుర్తు పెట్టుకునేదానికి వాళ్ళకేం బరువాయనంట?” అన్నది.